లారీ బెంజీ, కారు బెంజీ ఒకటేనా? నాన్నతో 500 పందెం

బెజవాడ ఉమ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పదిహేను రోజులుగా తెగని పంచాయితీ ఒకటి ఉంది. బండ్ల గురించి తెలిసినవాళ్ళు తీర్పు చెప్పాలి.

వచ్చే మాఘమాసానికి మా నాన్నకి ఎనభై నిండుతాయి. ఆ రోజుకి సెకండ్‌హ్యాండ్ బెంజ్ కారు ఒకటి కొని ఇంటి ముందు పెడతానని అన్నయ్య పట్టుపట్టాడు. 2014 మోడల్ ఈ-క్లాస్, డీజిల్. హైదరాబాద్ నుంచి ఎవరో బ్రోకరు ఫోటోలు పంపాడు. నలుపు రంగు, లోపల లేత గోధుమ రంగు తోలు సీట్లు. ధర ఇక్కడ రాయను, మా వదిన కూడా ఈ గ్రూపులో ఉంది.

బెంజే ఎందుకంటే నాన్న లారీ డ్రైవరు. 1962లో, పదహారేళ్ళప్పుడు, ఇంట్లో చెప్పకుండా క్లీనరుగా ఎక్కిన మొదటి బండి టాటా మెర్సిడెస్ బెంజ్. ముందుకి ముక్కులా ఇంజను పొడుచుకొచ్చి ఉండేదట. ముందు జాలీ మధ్యలో గుండ్రటి చట్రంలో మూడు కోణాల చుక్క. పొద్దున్నే కిరసనాయిలు గుడ్డతో ఆ చుక్క తుడవడం ఆయన మొదటి డ్యూటీ. అది మెరవకపోతే డ్రైవరు టీ ఇప్పించేవాడు కాదట. తర్వాత ఆయనే డ్రైవరయ్యాక గుంటూరు మిరపకాయలు కలకత్తాకి ఎన్నిసార్లు తోలారో లెక్క లేదు. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు "బెంజి ఇంజను" అనే మాట ఒకసారి వచ్చి తీరాలి.

అన్నయ్య కారు సంగతి చెబితే సంతోషిస్తారనుకున్నాం. ఆయనేమో, "ఆ బెంజి వేరు, మా బెంజి వేరు. మాది టాటా వాళ్ళ బండి, లోడు లాగే బండి. ఇది సినిమావాళ్ళ కారు. పేరు కలిసినంత మాత్రాన చుట్టమవుతుందా?" అన్నారు. అన్నయ్య రెండూ ఒకటేనంటాడు. నాన్న 500 పందెం కాశారు. పెన్షన్ డబ్బులు, తమాషా కాదు.

నాకు కావలసినవి ఇవి. రెండూ ఒకటేనా కాదా? ఒకటే అయితే ఆ కంపెనీ కథ ఏమిటి? షోరూము బ్రోషర్ మాటలు వద్దు, ఒక లారీ డ్రైవరుకి చెబితే బాగుందనిపించేలా చెప్పండి. మూడోది, పన్నెండేళ్ళ బండి కొనొచ్చా? అన్నయ్యకి టైరు పంక్చరైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో మాత్రమే తెలుసు.

వీస్‌లోఖ్ శ్రీధర్

ఉమ గారూ, పందెం మీ అన్నయ్యదే. కానీ మీ నాన్నగారు పూర్తిగా ఓడిపోలేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఓపిక పట్టండి.

నేనుండేది జర్మనీలో వీస్‌లోఖ్ అనే చిన్న ఊళ్ళో. పక్కనే వాల్డోర్ఫ్‌లో సాప్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది కాబట్టి ఈ చుట్టుపక్కల మనవాళ్ళు బాగానే ఉంటారు. శనివారం కూరగాయలకి మెయిన్ రోడ్డు మీదికి వెళ్తే ఒక మందుల షాపు కనిపిస్తుంది. బయట బెర్తా బెంజ్ స్మారకం, ప్రపంచంలో మొదటి పెట్రోల్ బంకు ఇదే అని రాత. నేను వచ్చిన కొత్తలో దగ్గు మందు కోసం వెళ్ళి అది చదివి, తప్పు చదివానేమో అనుకుని గూగుల్‌లో అనువాదం చేసి చూసుకున్నా.

సంగతేమిటంటే, ఇక్కడికి దగ్గర్లోని మన్‌హైమ్‌లో కార్ల్ బెంజ్ అనే ఇంజనీరు మూడు చక్రాల బండికి పెట్రోల్ ఇంజను బిగించి 1886 జనవరి 29న పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. ఒకటే సిలిండరు, ఒక గుర్రం శక్తి కూడా లేదు. ఈ ప్రయోగాలకి భార్య బెర్తా పుట్టింటి సొమ్ము కూడా ఖర్చయింది. ఆమె తన కట్నం డబ్బు పెళ్ళికి ముందే తెప్పించి ఇతని వర్క్‌షాపులో పెట్టింది. అయినా బండి ఎవరూ కొనలేదు. కార్ల్ మనిషి ఎలాంటివాడంటే ఇంకాస్త సరిచేద్దాం, ఇంకాస్త చూద్దాం అనే రకం.

1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, ఆయన నిద్రలేవకముందే, బెర్తా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని పుట్టింటికి బయల్దేరింది. పెద్దాడికి పదిహేను, చిన్నాడికి పదమూడు. ఊరు ఫోర్జ్‌హైమ్, దాదాపు 105 కిలోమీటర్లు. అప్పటిదాకా ఆ బండి వర్క్‌షాపు చుట్టుపక్కల తప్ప ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఇక్కడి నుంచి మీ నాన్నగారికి వివరంగా చెప్పండి, ఆయనకి ప్రతి కిలోమీటరూ అర్థమవుతుంది. పెట్రోలు పైపులో చెత్త అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. ఇగ్నిషన్ వైరు ఒరుసుకుపోతే మేజోళ్ళు జారకుండా కట్టుకునే ఎలాస్టిక్ పట్టీ తీసి చుట్టింది. చెక్క బ్రేకు అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఎత్తు వచ్చినప్పుడు పిల్లలు దిగి తోశారు. ఇంజను చల్లబడటానికి నీళ్ళు ఆవిరైపోతూనే ఉండేవి, అందుకని కనబడిన చోటల్లా నీళ్ళు పట్టారు. ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ మందుల షాపులో మరకలు తుడిచే లిగ్రోయిన్ అనే ద్రవం సీసాల్లో కొని పోసింది. అదే మా షాపు.

చీకటి పడుతుండగా పుట్టింటికి చేరి భర్తకి టెలిగ్రాం కొట్టింది. ఆమె తిరిగొచ్చి చెప్పిన ఫిర్యాదుల మీద కార్ల్ ఎత్తులు ఎక్కడానికి ఇంకో గేరు చేర్చాడు. నాకైతే కార్ల్ బెంజ్ పేటెంటు కన్నా ఆ గేరే ఎక్కువ నచ్చుతుంది. ఏ కంపెనీ అయినా రోడ్డు మీద తిరిగొచ్చినవాళ్ళ మాట వింటేనే బాగుపడుతుంది. మన ఆఫీసు మేనేజర్లకి కూడా చెప్పాలి ఈ కథ. పోనీలెండి.

ఇప్పుడు లారీ. ఇదే కాలంలో స్టుట్‌గార్ట్ పక్కన కన్‌స్టాట్‌లో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ అనే ఇద్దరు వేరేగా ఇంజన్లు చేస్తున్నారు. బెంజ్ ఉన్న ఊరికీ వీళ్ళ ఊరికీ నూరు కిలోమీటర్ల దూరం. అయినా బెంజ్, డైమ్లర్ కలిసి కూర్చుని మాట్లాడుకున్న దాఖలా లేదు. డైమ్లర్ 1896లో మొదటి మోటారు లారీ చేశాడు. నాలుగు గుర్రాల ఇంజను, ఒకటిన్నర టన్ను లోడు. అది లండన్‌కి అమ్ముడుపోయింది.

సంవత్సరం గుర్తుపెట్టుకోండి, 1896. ఎందుకంటే అప్పటికి మెర్సిడెస్ అనే బండి పేరే పుట్టలేదు. ఆ పేరు 1900 నాటిది. ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున నీస్ అనే ఊరుంది, డబ్బున్నవాళ్ళ విడిది. అక్కడ ఎమిల్ యెలినెక్ అనే ఆస్ట్రియా వ్యాపారి డైమ్లర్ కార్లు కొని జమీందార్లకి అమ్మేవాడు. కార్ల పందేల్లో కూడా దిగేవాడు. ఆ పందేల్లో తన పేరు బదులు కూతురి పేరు రాయించేవాడు. ఆ పాప పేరు మెర్సిడెస్, అప్పటికి పదేళ్ళు. 1900 మార్చిలో నీస్ దగ్గర కొండ పందెంలో డైమ్లర్ కారు గుద్దుకుని డ్రైవరు చనిపోయాడు. బండి ఎత్తుగా, పొట్టిగా ఉండటమే కారణమని యెలినెక్ పట్టుకున్నాడు. పొడుగ్గా, నేలకి దగ్గరగా, బలమైన ఇంజనుతో కొత్త బండి చెయ్యండి, ఒకేసారి 36 కొంటాను, కానీ పేరు మా అమ్మాయిది పెట్టాలి అన్నాడు. ఆర్డరు విలువ ఐదున్నర లక్షల మార్కులు. మైబాఖ్ చేసిన ఆ 35 గుర్రాల కారు 1901లో నీస్ పందేలన్నీ ఊడ్చేసింది. గుర్రబ్బండికి ఇంజను తగిలించినట్టు కాకుండా, కారు కారులా కనిపించడం దాంతోనే మొదలైంది. పాపం గోట్లీబ్ డైమ్లర్ 1900 మార్చిలోనే పోయాడు. మెర్సిడెస్ అనే బండి ఆయన చూడనే లేదు.

కాబట్టి లారీ పెద్దది, మెర్సిడెస్ దాని తర్వాత పుట్టిన చెల్లెలు. మీ నాన్నగారికి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

చుక్క సంగతి కూడా చెప్పేస్తా. డైమ్లర్ ఒకసారి ఇంటికి పంపిన పోస్టుకార్డులో తానుంటున్న ఇంటి బొమ్మ మీద చుక్క గుర్తు పెట్టాడట. ఆయన పోయాక కొడుకులు అది గుర్తుచేసుకుని 1909లో కంపెనీ ముద్రగా నమోదు చేయించారు. మూడు కోణాలూ నేల, నీరు, గాలి. మూడింటికీ ఇంజన్లు చేస్తామని. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ డబ్బు చిత్తుకాగితమై, బండ్లు కొనేవాడు లేక, 1926 జూన్‌లో డైమ్లర్ కంపెనీ, బెంజ్ కంపెనీ కలిసిపోయాయి. మెర్సిడెస్-బెంజ్ అనే జంట పేరు అప్పటిది.

ఇక మన దేశం. టాటాల టెల్కో అప్పటికి జంషెడ్‌పూర్‌లో రైలింజన్లు చేస్తోంది. 1954లో, అలా కలిసిన డైమ్లర్-బెంజ్ కంపెనీతో 15 ఏళ్ళకి ఒప్పందం చేసుకుని లారీలు మొదలుపెట్టింది. మీ నాన్నగారు తుడిచిన చుక్క ఆ ఒప్పందంలో భాగం. 1969లో గడువు తీరింది, చుక్క పోయి టాటా వాళ్ళ సొంత గుర్తు వచ్చింది. అంటే ఆయన క్లీనరుగా ఎక్కింది సరిగ్గా ఆ మధ్యలో. బండి చేసింది టాటా వాళ్ళు, డిజైను స్టుట్‌గార్ట్‌ది. కారు మనకి వచ్చింది 1995లో. అది కూడా ఎక్కడ తయారైందనుకున్నారు? పుణెలో, టెల్కో ఫ్యాక్టరీలోనే. పుణె దగ్గరే చాకన్‌లో సొంత ఫ్యాక్టరీ 2009లో గానీ పెట్టుకోలేదు. అందుకే అన్నా, నాన్నగారు పూర్తిగా ఓడిపోలేదని. "టాటా వాళ్ళ బెంజి" అన్నమాటలో అబద్ధం లేదు.

పైగా ఇప్పుడు ఆయన మాట ఇంకాస్త నిజమైంది. 2021 డిసెంబరులో లారీల వ్యాపారం డైమ్లర్ ట్రక్ పేరుతో వేరుకాపురం పెట్టింది. కార్ల వాళ్ళు మెర్సిడెస్-బెంజ్ గ్రూప్ అయ్యారు. మన హైవేల మీద తిరిగే భారత్‌బెంజ్ లారీలు చెన్నై దగ్గర ఒరగడంలో చేస్తారు, అవి డైమ్లర్ ట్రక్ వాళ్ళవి. వాటి మీద ఆ చుక్క ఉండదు చూడండి.

మరి జనానికి ఆ చుక్క మీద అంత మోజెందుకు? నేను దిగిన మొదటి రోజు ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు బయట టాక్సీ బెంజ్. తెగ మురిసిపోయి ఇంటికి ఫోటో పంపా. మర్నాడు పొద్దున్న చెత్త లారీ వచ్చింది, దానికీ అదే చుక్క. ఆ ఫోటో మాత్రం పంపలేదు. ఇక్కడ అది దర్జా మాత్రమే కాదు, పనిముట్టు కూడా. 1976 నుంచి పదేళ్ళు చేసిన 123 మోడల్ దాదాపు 27 లక్షలు అమ్ముడైంది, అందులో డీజిల్ బండ్లు ఎన్ని టాక్సీలయ్యాయో. అంతకుముందు మోడల్ 240 డీజిల్‌ని ఒక గ్రీకు టాక్సీ డ్రైవరు ఇంజన్లు మార్చుకుంటూ 46 లక్షల కిలోమీటర్లు తిప్పాడు. 2004లో కంపెనీ మ్యూజియానికి ఇచ్చేశాడు.

ఆ మ్యూజియం స్టుట్‌గార్ట్‌లో ఉంది, రెండుసార్లు వెళ్ళా. లిఫ్టు ముందు పై అంతస్తుకి తీసుకెళ్తుంది, కథ పైనుంచి కిందికి దిగుతుంది. తలుపు తెరుచుకోగానే ఎదురుగా కారు కాదు, తెల్ల గుర్రం బొమ్మ. "నాకు గుర్రం మీదే నమ్మకం, ఈ మోటారు కొన్నాళ్ళ ముచ్చట" అని జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ అన్నాడని చెప్పే మాట దాని కింద. కోట్ల రూపాయల రేసు కార్లు దాటుకుంటూ వెళ్తే ఒక హాల్లో అర్జెంటీనా సిటీ బస్సు ఉంటుంది, ఒళ్ళంతా రంగులు పూసుకుని, మన లారీలాగే. నేను ఎక్కువసేపు నిలబడింది దాని ముందే.

అసలు గొప్పతనం అడిగితే నేను చెప్పేది ఈ కంపెనీ ఇంజనీరు బేలా బరేన్యీ పేరు. అప్పటిదాకా బండి ఎంత గట్టిగా ఉంటే లోపలి మనిషి అంత క్షేమం అనుకునేవారు. ఈయన తిరగేసి ఆలోచించాడు. బండి ముందు, వెనక భాగాలు నలిగిపోయి దెబ్బ తాము తినాలి, మధ్యలో మనుషులున్న గూడు మాత్రం నలగకూడదు. 1950ల మొదట్లో పేటెంటు, 1959 మోడల్లో బండిలోకి వచ్చింది. ఇవాళ ఏ కంపెనీ కారైనా అలాగే కడుతున్నారు. 1978లో బాష్ కంపెనీతో కలిసి తెచ్చిన ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం బిగిసిపోనివ్వని ఏర్పాటు, కూడా అంతే. వానలో బ్రేకు తొక్కితే చక్రం బిగిసిపోయి బండి ఎటు జారుతుందో తెలియని భయం మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు.

పాత పుస్తకాల రావు

శ్రీధర్ గారు చక్కగా రాశారు, కానీ 1926 నుంచి 1954కి గెంతేశారు. ఆ మధ్యలో జరిగింది కూడా కథే. హిట్లర్ ఊరేగిన పెద్ద 770 కారు ఈ కంపెనీదే. యుద్ధకాలంలో విమాన ఇంజన్లు, సైన్యం లారీలు చేశారు. ఆ ఫ్యాక్టరీల్లో ఆక్రమించిన దేశాల నుంచి పట్టుకొచ్చిన జనం, యుద్ధ ఖైదీలు, కాన్సంట్రేషన్ క్యాంపుల వాళ్ళు వేల సంఖ్యలో వెట్టి చేశారు. కంపెనీయే చరిత్రకారుల చేత పరిశోధన చేయించి ఒప్పుకుంది, 1988లో 2 కోట్ల మార్కులు ఇచ్చింది. చాలా ఆలస్యంగా అని నా అభిప్రాయం.

1955 కూడా వదలొద్దు. ఫ్రాన్స్‌లో ల మాన్ కార్ల రేసులో వీళ్ళ కారు ఎగిరి జనం మీద పడి ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది చివర రేసుల నుంచి తప్పుకున్నారు, దశాబ్దాల పాటు మళ్ళీ ఆ వైపు చూడలేదు.

పెద్దాయనకి పుట్టినరోజున ఇవన్నీ చెప్పమనను. మీకు తెలిసి ఉండాలని.

వీస్‌లోఖ్ శ్రీధర్

రావు గారూ, తప్పు నాదే. మ్యూజియంలో ఆ అంతస్తు కూడా ఉంది. పిల్లవాడు ఆకలి అంటే గబగబా దాటేశాను, రాతలోనూ దాటేశాను.

ఆటోనగర్ మేస్త్రి

అమ్మా ఉమా, చరిత్ర వాళ్ళు చెప్పారు, నేను నట్లు బోల్టుల సంగతి చెబుతా. నలభై ఏళ్ళుగా ఇక్కడే షెడ్డు. చిన్నప్పుడు చేతులు కాల్చుకున్నది మీ నాన్నగారి తరం బండ్ల మీదే.

ముందు ఒక చిన్న ముచ్చట. 1210 లారీ పేరు నాన్నగారిని అడుగు, కళ్ళు మెరుస్తాయి. ఆ నంబరు ఊరికే పెట్టింది కాదు. మొదటి 12 అంటే లోడుతో కలిపి బండి బరువు టన్నుల్లో, చివరి 10 అంటే పది పదులు, వంద గుర్రాలు. అది జర్మనీ వాళ్ళ లెక్క. చుక్క పోయినా లెక్క మిగిలింది. 407 అంటే నాలుగు టన్నులు, డెబ్భై గుర్రాలు. మన బెంజ్ సర్కిల్‌కి కూడా అక్కడ ఉండిన బెంజి లారీల కంపెనీ వల్లే ఆ పేరొచ్చిందని మా మేస్త్రి చెప్పేవాడు. ఇప్పుడు పైన ఫ్లైఓవర్లు, కింద ట్రాఫిక్, బెంజి లారీ కాదు గదా ఎద్దుబండి వేగం కూడా రాదు.

ఇక కారు. ఫోటోలో సీట్లు చూసి మురిసిపోవద్దు. బండి మొదట ఏ ఊళ్ళో రిజిస్ట్రేషన్ అయిందో అడగండి. ఢిల్లీలో పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాయి కాబట్టి అక్కడివి చవగ్గా దక్షిణాదికి వస్తాయి. బండి మంచిదే కావచ్చు. కానీ అక్కడి ఆర్టీఓ ఇచ్చే అనుమతి కాగితం (ఎన్‌ఓసీ), ఇక్కడ లైఫ్ ట్యాక్సు, పేరు మార్పు అన్నీ కలిపి లెక్కేస్తే ఆ చవక కరిగిపోతుంది. హైదరాబాద్ బండి అయినా మన ఆంధ్రాకి మార్చుకోవాలంటే ట్యాక్సు తప్పదు. బ్రోకరు "అదంతా నేను చూసుకుంటా సార్" అంటే, రాసివ్వమనండి.

రెండోది, ఛాసిస్ నంబరు తీసుకుని కంపెనీ సర్వీసు సెంటర్లో పాత చిట్టా అడగండి. మీటరు మీద డెబ్భై వేలు ఉండి, మూడేళ్ళ కిందటి సర్వీసు కాగితంలో లక్షా పాతిక ఉంటే ఇక మాట్లాడక్కర్లేదు, లేచి వచ్చెయ్యండి.

మూడోది ముఖ్యం. మేం వచ్చేదాకా స్టార్టు చెయ్యొద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టు తల్లీ. వేడిగా ఉంటే ఎవడో ముందే తిప్పి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు చెవి పెట్టాలి. గొలుసు గిలకరించినట్టు చప్పుడు వస్తే ఇంజను లోపల తిరిగే టైమింగ్ చైన్ అనే గొలుసు అరిగిందని అనుమానం. ఈ నాలుగు సిలిండర్ల డీజిల్‌కి ఆ చైన్ ముందువైపు ఉండదు, గేర్‌బాక్సు వైపు ఉంటుంది. చైన్ ఖరీదు కన్నా దాని దాకా చెయ్యి వెళ్ళడానికే ఎక్కువ ఖర్చు.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 3219 అంటే 2019లో 32వ వారం టైరు. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఏళ్ళు దాటిన రబ్బరు రాయే. నాలుగూ కొత్తవి వెయ్యాలంటే ఆ సైజుకి ఎంతవుతుందో ముందే కనుక్కోండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి, "దానికి మార్చక్కర్లేదు" అన్నవాడి మాట నమ్మొద్దు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి అయితే రాత్రి నిలిపి పొద్దున్న చూడాలి, ఒక మూల కుంగి ఉంటే గాలి కారుతోందని లెక్క.

నా దగ్గరికి ఒకాయన ఇలాగే పాత విదేశీ కారు తెచ్చాడు, ఏ కంపెనీ అని చెప్పను. కొన్నది కొడుకు పెళ్ళి ఊరేగింపుకి. పెళ్ళయిన నెలకి హెడ్‌లైటు పోయింది. ఒక్క లైటు రేటు విని బెంచీ మీద కూర్చున్న మనిషి, మంచినీళ్ళు తాగి చాలాసేపు మాట్లాడలేదు. అందుకే చెబుతున్నా, కారు డబ్బు కాక కనీసం రెండు లక్షలు పక్కన పెట్టుకున్నవాళ్ళే దిగాలి.

చివరిగా ఒకటి, అన్నయ్యకి తట్టి ఉండదు. నాన్నగారికి ఎనభై. లారీ కేబిన్‌లో ఎత్తు మీద కూర్చుని ప్రపంచాన్ని కిందికి చూసిన మనిషి. ఈ కారు సీటు నేలకి జానెడు ఎత్తులో ఉన్నట్టుంటుంది. మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోండి. కొనకముందు ఒకసారి ఆయన్నే కూర్చోబెట్టి, దిగమనండి. దిగడమే కష్టం, ఎక్కడం కాదు.

గాజువాక కుర్రోడు

ఇంత పాఠం చదివాక నాకు అర్థమైంది ఒకటే, పెద్దాయనకి కారు వద్దు, 1210 లారీ కొనివ్వండి. వీధిలో పార్కింగ్ సంగతి అన్నయ్య చూసుకుంటాడు.

బెజవాడ ఉమ

అందరికీ దణ్ణం. నిన్న రాత్రి భోజనాలయ్యాక మొత్తం పైకి చదివి వినిపించాను. గాజువాక తమ్ముడూ, నీ సలహాకి ఇంట్లో అందరికన్నా గట్టిగా నవ్వింది మా వదినే. అంటే గ్రూపు చదువుతోందన్నమాట.

బెర్తా గారి ప్రయాణం దగ్గర నాన్న రెండుసార్లు ఆపించారు. బ్రేకుకి తోలు కొట్టించిన చోట, "మేం బరంపురం దగ్గర ఒకసారి ఫ్యాన్ బెల్టు తెగితే నైలాన్ చీర పేలిక పేని కట్టుకుని ఊళ్ళోకి వచ్చాం. ఆ చీర ఎవరిదో అడక్కండి" అన్నారు. అమ్మ పదహారేళ్ళ కిందట పోయింది. ఆ చీర కథ మాకెప్పుడూ చెప్పలేదు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆయనే మళ్ళీ "తర్వాత చదువు" అన్నారు.

1896 లారీ, 1900 మెర్సిడెస్ అన్నప్పుడు మంచం మీద లేచి కూర్చున్నారు. "చూశావా, లారీయే ముందు" అని అన్నయ్య వైపు చూశారు. టెల్కోలోనే కారూ చేశారని వినగానే పందెం తీర్పు మార్చేశారు. ఇద్దరిదీ సగం సగం నిజం కాబట్టి ఎవరూ ఎవరికీ ఇవ్వక్కర్లేదట. అన్నయ్య ఒప్పుకోలేదు. 250కి బేరం కుదిరింది, ఇంకా ఇవ్వలేదు.

రావు గారు రాసింది కూడా చదివాను, దాచలేదు. వెట్టి సంగతి విని, "పనివాడి చెమట లేని బండి ఏదమ్మా" అన్నారు. ఆ మాట నాకు పూర్తిగా సమాధానం అనిపించలేదు గానీ వాదించలేదు.

మేస్త్రి గారూ, మీ మోకాళ్ళ మాట నిజం. పక్కింటివాళ్ళ కారు ఇలాగే కిందికి ఉంటుంది, పొద్దున్న అందులో కూర్చోబెట్టి చూశాం. ఎక్కారు. దిగేటప్పుడు తలుపు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి అన్నయ్య చెయ్యి పట్టుకున్నారు. పైకి మాత్రం "సీటు మెత్తగా ఉంది, అందుకే" అన్నారు. అన్నయ్య ముఖం చూస్తే జాలేసింది. ఇప్పుడు ఎత్తుగా ఉండే బండి ఏదైనా చూద్దామా అని మళ్ళీ ఫోన్ పట్టుకున్నాడు.

నాన్న అడిగింది ఒక్కటే. కొనబోయే బండికి చుక్క బానెట్ చివర నిలబడి ఉంటుందా, ముందు జాలీ మధ్యలో ఉంటుందా అని. ఫోటో పెద్దది చేసి చూపించాను, జాలీలోనే ఉంది, అరచేతి కన్నా పెద్దది. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "సరిగ్గా తుడవలేదు" అన్నారు.

మేస్త్రి గారూ, హైదరాబాద్ బ్రోకరు బండిని ఇక్కడికే తెచ్చి చూపిస్తానంటున్నాడు. కొన్నా కొనకపోయినా నాన్న ఒకసారి చూస్తానంటున్నారు. ఆదివారం మీ షెడ్డు తెరిచి ఉంటుందా?